మలేరియా మందూ, మారిషస్ డేగా

ఈ సంచికకు ఆస్పత్రి సంగతులు కాకుండా ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు అడిగారు. మేమూ సరేనన్నాం. పక్షుల చరిత్ర అయితే రోగాల జోలికి పోనక్కర్లేదు గదా అనుకున్నాం. తీరా రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ కథలో మలేరియా ఉంది, ప్లేగు ఉంది, చివరికి ఇంటెన్సివ్ కేరు కూడా ఉంది. కనుక పాఠకులు మన్నించాలి.

కథ ఆక్స్‌ఫర్డులో మొదలయింది. ఒక ఆదివారం మా అమ్మాయిని అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియానికి తీసుకువెళ్ళాం. డోడో పక్షి బొమ్మను పిల్లలందరూ పుస్తకాల్లో చూసే ఉంటారు. ఆ మ్యూజియంలో ఉన్నది బొమ్మ కాదు, నిజమైన డోడో తలా, పాదమూ. ప్రపంచం మొత్తం మీద డోడో చర్మం ఇంకా అంటిపెట్టుకుని ఉన్న తల అదొక్కటే. 2018లో ఆ తలను స్కానింగ్ చేస్తే ఎముకలో సీసపు రవ్వలు కనబడ్డాయి. అంటే దాన్ని ఎవరో తుపాకీతో కాల్చారన్నమాట. ఇదంతా విని మా అమ్మాయి అడిగింది: "సరే, ఇది చచ్చిపోయింది. మరి ఆ ఊళ్ళో బతికున్న పక్షులేవీ?" మాకు సమాధానం తెలియలేదు. తెలుసుకోవడానికి కొన్ని నెలలు చదివాం. ఆ తర్వాతి సెలవులకు మారిషస్ వెళ్ళి వచ్చాం.

మారిషస్ చిన్న దీవి. వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు, మన పెద్ద తాలూకాలు కొన్ని కలిపినంత. ఇతర భూములకు చాలా దూరంగా సముద్రం మధ్యన ఉండిపోవడం వల్ల అక్కడ పులీ లేదు, పిల్లీ లేదు, ఎలుక కూడా లేదు. గబ్బిలాలు తప్ప నేలమీద తిరిగే పాలిచ్చే జంతువే లేదు. అక్కడి పక్షులకు భయపడవలసిన అవసరం రాలేదు. డచ్చివారు 1598లో దిగారు, 1638లో కాపురం పెట్టారు. వాళ్ళ ఓడల్లో ఎలుకలు వచ్చాయి, పందులు వచ్చాయి, ఆ రోజుల్లోనే కోతులూ చేరాయి. డోడోను మనుషులు కొంత తిన్నారు. నేలమీద పెట్టిన గుడ్లను ఈ జంతువులు అంతకంటే ఎక్కువ తిన్నాయి. చూశామని నమ్మకంగా రాసినవారిలో చివరివాడు 1662లో చూశాడు. తర్వాత ఫ్రెంచివారూ, 1810 నుంచి ఇంగ్లీషువారూ ఆ దీవిని ఏలారు. 1968 మార్చి 12న అది స్వతంత్రదేశం అయింది.

ఇంతవరకూ ఇది ఎవరి కథో అనిపిస్తుంది. ఇక్కడినుంచి మనది.

1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది భారతీయ ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. బానిసత్వం రద్దు కావడంతో చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చింది. ఆ తరువాత సుమారు 80 ఏళ్ళలో నాలుగున్నర లక్షల మంది ఆ రేవు మెట్లెక్కారు. ఆ చోటే ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. వారిలో కొన్ని వేలమంది మన తెలుగువాళ్ళు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు ఆనాటి ఓడల చరిత్రలో గట్టిగా వినబడేది. మేము కాకినాడలో వైద్యం చదివే రోజుల్లో సెలవొస్తే కోరంగి మడ అడవులకు పోయేవాళ్ళం. 1839 తుఫాను ఆ రేవును తుడిచిపెట్టేసిందని చదువుకున్నాం గాని, ఆ ఒడ్డునుంచి మనుషులు ఎక్కడెక్కడికి పోయారో ఆ రోజుల్లో ఆలోచించలేదు. పోయినవారు ఏం పట్టుకుపోయారో మారిషస్‌లో కనిపించింది. ఇప్పటికీ అక్కడి తెలుగు ఇళ్ళలో సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, ఉగాదికి దేశమంతటా సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

మన పెద్దలు అక్కడ చేసిన పని ఏమిటి? రాళ్ళు ఏరడం, చెరకు నాటడం, కొట్టడం. చెరకు పెరగాలంటే అడవి పోవాలి. ఆ నిర్ణయం దొరలది, లాభం దొరలది, కత్తి పట్టిన చెయ్యి మాత్రం చాలాసార్లు మనవాళ్ళది. ఇప్పుడు ఆ దీవిలో చెడకుండా మిగిలిన స్వదేశీ అడవి నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. ఇంకో సంగతి. 1865లో మేర్ ఓ సోంజ్ అనే చిత్తడి నేలలో డోడో ఎముకలు గుట్టలుగా దొరికాయి. జార్జి క్లార్క్ అనే బడిపంతులు వాటిని లోకానికి పంపి పేరు తెచ్చుకున్నాడు. కాని ఆ బురదలోంచి ఎముకలు ఏరింది కూలీలు. నడుం లోతు నీళ్ళలో దిగి పాదాలతో తడిమి పైకి తీసింది వాళ్ళే. ఆ కాలంలో మారిషస్‌లో కూలీ అంటే దాదాపు భారతీయుడనే అర్థం. వాళ్ళలో ఒక్కడి పేరయినా చరిత్ర పుస్తకంలో మాకు కనబడలేదు.

ఇక జ్వరం సంగతి. 1860ల దాకా మారిషస్‌కు మలేరియా లేదు. ఆరోగ్యానికి మంచి చోటని దొరలు గాలి మార్పుకు వచ్చేవారు. ఆ దశకం మధ్యలో జ్వరం పుట్టింది. 1867 ఒక్క ఏడాదిలోనే ముప్పై వేల మందికి పైగా చనిపోయారు. దీవి జనాభా అప్పుడు నాలుగు లక్షలు కూడా లేదు. వాడవాడా శవాలు. ఎక్కువగా పోయింది పేదలు, కూలీలు. నేరం కూడా కూలీల మీదే పడింది, జ్వరం వాళ్ళే తెచ్చారని. అసలు సంగతి వేరు. జ్వరం పురుగు కూలీల ఒంట్లో ముప్పై ఏళ్ళుగా వస్తూనే ఉంది, అంటించే దోమ లేక ఆగిపోయింది. దోమ ఓడెక్కి వచ్చాక మంట అంటుకుంది.

ఈ సంగతి తేల్చినవాడు మనకు కావలసినవాడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పురుగును చూసిన రొనాల్డ్ రాస్. 1907 నవంబరులో ఆయనను మారిషస్‌కు పిలిపించారు. మూడు నెలలు తిరిగి, పిల్లల ప్లీహాలు తడిమి, గుంటలు లెక్కపెట్టి, నీరు నిలవకుండా చూడమని, క్వినైను పంచమని నివేదిక రాశాడు. సికింద్రాబాదులో పుట్టిన జ్ఞానం పదేళ్ళకు కోరంగి కూలీల మనుమల దగ్గరికి చేరిందని చదివినప్పుడు మాకు ఒళ్ళు పులకరించింది.

రాస్ రావడానికి ముందే ఇంకో జబ్బు వచ్చింది. 1899లో పోర్ట్ లూయీలో ప్లేగు దిగింది. ప్లేగు అంటే ఎలుక, ఎలుక అంటే ముంగిస. ఆ లెక్కతో 1900 ప్రాంతంలో ముంగిసలను తెచ్చి వదిలారు. మన దేశపు ముంగిసే. రాత్రి తిరిగే ఎలుకలను పగలు తిరిగే ముంగిస ఎంత తగ్గించిందో గాని, నేలమీద తిరిగే పక్షులనూ, ఎగరడం నేర్చుకుంటున్న పిల్లలనూ మాత్రం తిన్నది. వైద్యం పేరుతో ఆ దీవి పక్షులకు తగిలిన మొదటి దెబ్బ ఇది.

రెండవ దెబ్బ డి.డి.టి. రాస్ చెప్పిన పద్ధతులతో మలేరియా తగ్గింది గాని పోలేదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, 1940ల చివర, ఇంటింటికీ డి.డి.టి. కొట్టడం మొదలుపెట్టారు. ఫలితం అద్భుతం. దీవిలోని ముఖ్యమైన దోమజాతి ఒకటి పూర్తిగా అంతరించింది. మరణాలు పడిపోయాయి, సగటు ఆయుర్దాయం ఒక్కసారిగా పెరిగింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. మా నాయనమ్మది విశాఖ జిల్లా ఏజెన్సీ అంచున ఉన్న ఊరు. ఆమె తోబుట్టువుల్లో ఇద్దరు చలిజ్వరంతో పోయారు, ఒకరు ఆరేళ్ళకు, ఒకరు పదకొండేళ్ళకు. ఆ తర్వాత ఖాకీ నిక్కర్ల వాళ్ళు వీపున డబ్బాలతో వచ్చి గోడలకు మందు కొట్టడం మొదలుపెట్టారని చెప్పేది. "వాసన భరించలేకపోయేవాళ్ళం, కాని ఆ వాసన వచ్చినాక మా ఇంట్లో పాడె లేవలేదు" అనేది. మేము మెడిసిన్‌లో చేరడానికి ఆమె చెప్పిన ఈ మాట కూడా ఒక కారణం. అందుచేత డి.డి.టి.ని తిట్టే పుస్తకం చదివినప్పుడల్లా మాకు కాస్త కోపం వస్తుంది. ముందే ఒప్పుకుంటున్నాం.

కాని మారిషస్‌లో ఆ మందు ఇళ్ళ గోడల మీదే ఆగలేదు. పొలాల్లోనూ అలాంటి మందులే చల్లారు. డి.డి.టి. నీళ్ళలో కరగదు, కొవ్వులో చేరి కూర్చుంటుంది. పురుగు నుంచి బల్లికి, బల్లి నుంచి డేగకు పోతూ పోతూ చిక్కబడుతుంది. ఆ దీవిలో అడవుల్లో మాత్రమే ఉండే చిన్న డేగ ఒకటుంది. మేముండే వేల్స్‌లో మోటారు రోడ్ల పక్కన గాలిలో రెక్కలాడిస్తూ నిలబడే డేగకు చిన్న చెల్లెలు. మన వైపు ఈ కుటుంబంలోని డేగను తొండలు పట్టే గద్ద అంటారు. మారిషస్ డేగ కూడా చెట్లమీది పచ్చబల్లులను పట్టి తింటుంది. అడవి నరకడంతోనే సగం చిక్కిన ఈ జాతి, 1950లు, 60లలో హఠాత్తుగా కూలిపోయింది. అందుకు ముఖ్యకారణం ఈ మందులేనని అక్కడ పని చేసిన శాస్త్రజ్ఞులు అంటారు. 1974లో అడవి అంతా వెతికితే నాలుగే కనిపించాయి. ఆ నాలుగింటిలో గుడ్లు పెట్టేది ఒక్కటే. అప్పటికి ప్రపంచంలో అంతకంటే అరుదైన పక్షి ఇంకోటి లేదని రాశారు.

1979లో కార్ల్ జోన్స్ అనే వేల్స్ కుర్రవాడు అక్కడికి వెళ్ళాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. ఖర్చు దండగ, అక్కడి పని మూసేసి రమ్మని పంపితే, అతను మూయలేదు. చేసిన పని వైద్యులకు బాగా అర్థమవుతుంది. డేగ పెట్టిన మొదటి విడత గుడ్లను కొండ బొరియలోంచి తీసి ఇంక్యుబేటరులో పెట్టాడు. గూడు ఖాళీ అయిన తల్లి మళ్ళీ గుడ్లు పెట్టింది. అలా ఒక్క ఏడాదిలో రెండు కాన్పులు. పుట్టిన పిల్లలకు గంటగంటకూ మాంసం ముక్కలు చేత్తో తినిపించాడు. అడవిలో ఉన్న జంటలకు పైనుంచి ఆహారం అందించాడు, కోతులు చొరలేని గూటిపెట్టెలు కట్టాడు, ముంగిసలకు బోనులు పెట్టాడు. నెలలు నిండని పిల్లను మన ఆస్పత్రుల్లో ఎలా చూస్తామో అలాగే. జెర్సీ దీవిలో గెరాల్డ్ డరెల్ స్థాపించిన జంతుశాల వెనుక నిలిచింది. 1984లో మారిషస్ వన్యప్రాణి సంస్థ ఏర్పడింది. 1994 నాటికి మూడు వందలకు పైగా డేగలను అడవికి వదిలారు.

అదే పద్ధతిలో ఇంకో రెండు పక్షులు బయటపడ్డాయి. గులాబిరంగు పావురం 1990 నాటికి అడవిలో పదో పన్నెండో మిగిలింది, ఇప్పుడు నాలుగు వందలకు పైనే. పచ్చచిలుక ఒకటి 1980లలో పదికి అటూఇటూగా ఉండేది, 2019 నాటికి ఏడు వందలు దాటింది. కాని బతికినవారికి జబ్బులు తప్పవు గదా! పావురం పిల్లల గొంతులో ట్రైకోమొనాస్ అనే పురుగు చేరి ఆహారం దిగనివ్వదు. చిలుకలకు 2005లో ముక్కునూ ఈకలనూ పాడుచేసే వైరసు వచ్చింది. పైగా ఇప్పుడున్న డేగలు దాదాపు అన్నీ ఒకే జంట సంతానం. మేనరికాలు చేసుకునే ఇళ్ళకు మనం చెప్పే జాగ్రత్తలు ఇక్కడ ఇంకా ఎక్కువగా వర్తిస్తాయి. ఎంచుకోవడానికి వాటికి వేరే సంబంధాలే లేవు.

మా వృత్తిలో ఒక తప్పు తరచు జరుగుతుంది. రోగి లేచి నడిచాడని ముందుగా ఇంటికి పంపేస్తాం. డేగ విషయంలోనూ అదే జరిగింది. నయమైందని చూపు కాస్త సడలించగానే సంఖ్య మళ్ళీ తగ్గింది. 2014లో దాన్ని మళ్ళీ ప్రమాదస్థితిలోని జాతుల పట్టికలోకి ఎక్కించారు. ఇప్పుడు దీవి మొత్తం మీద కొన్ని వందలు మాత్రమే. 2022లో దానిని జాతీయపక్షిగా ప్రకటించారు. గౌరవం మంచిదే, అడవి కూడా కావాలి. 2020 జులై 25న వకాషియో అనే ఓడ అక్కడి పగడపు దిబ్బకు గుద్దుకుని, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె కారింది. ఎదురుగా ఉన్న ఐల్ ఓ ఎగ్రెత్ అనే 26 హెక్టార్ల లంకలో కష్టపడి నిలబెట్టిన చిన్న పిట్టలు కొన్నిటిని అప్పటికప్పుడు పట్టి ఒడ్డు చేర్చవలసి వచ్చింది.

ఆ లంకకు మేము పడవలో వెళ్ళాం. నల్ల చేవ చెట్ల మధ్య బాటపక్కన గులాబి పావురం ఒకటి మా అమ్మాయికి మూడు గజాల దూరంలో కూర్చుని చూసింది. భయమే లేదు. డోడో ఎలా పోయిందో ఆ పావురాన్ని చూస్తే తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఒక తెలుగువారి ఇంట్లో భోజనం చేశాం. ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. చెరకు ఎస్టేటులో పని చేసి దిగిపోయాడు. ఆయన మాట్లాడేది క్రియోలు. తెలుగులో మిగిలినవి అమ్మ, నాన్న, అప్పన్న, రామభజన పాటలు, వంటింటి మాటలు కొన్ని. తక్కినవన్నీ మనుమరాలు ఇంగ్లీషులో చెప్పింది. మేము డేగ కోసం వచ్చామంటే ఆయన నవ్వాడు. క్రియోలులో దాని పేరుకు కోళ్ళను తినేది అని అర్థమట. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కనిపిస్తే రాయి విసిరేవాడట. "అది కోళ్ళను తినగా చూశారా తాతగారూ?" అని అడిగాం. కాసేపు ఆలోచించి, చూడలేదన్నాడు. తర్వాత తనంతట తానే మలేరియా సంగతి ఎత్తాడు. గోడలకు మందు కొట్టినవాళ్ళను ఆయనా ఎరుగుదుడు. వాళ్ళ అక్క జ్వరంతో పోయింది. మా నాయనమ్మ మాటే, సముద్రం అవతల, వేరే భాషలో విన్నాం. "అయితే ఆ మందే డేగను చంపిందట గదా" అన్నాం. మనుమరాలు అనువదించింది. పెద్దాయన అన్నది ఇంతే: "మాకు ఎవరూ చెప్పలేదు. చెబితే గోడకు కొట్టనిచ్చేవాళ్ళమే. పొలంలో అంత ఎందుకని అడిగేవాళ్ళం."

మేము ఎన్నో పుస్తకాలు చదివి పట్టుకోలేని సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పాడు. పిల్లా, డేగా అని ఎవరైనా ఎదురుగా నిలబెట్టి అడిగితే డాక్టరు పిల్లనే ఎంచుకుంటాడు, ఎంచుకోవాలి. కాని చరిత్రలో ఆ ప్రశ్న అలా ఎదురుకాలేదు. మందు ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు అన్నదే అసలు ప్రశ్న. అది అడిగేవాళ్ళు ఆ రోజు లేరు. రోగికి మందు రాసిచ్చాక మళ్ళీ పిలిచి చూడకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఆ దీవికి ముంగిసను ఇచ్చారు, మందు ఇచ్చారు, పాతికేళ్ళపాటు తిరిగి చూడలేదు. తిరిగి చూసేసరికి నాలుగు మిగిలాయి. మలేరియా 1975 తుఫాను తరువాత మళ్ళీ తలెత్తింది. ఈసారి జ్వరం వచ్చినవారిని ఒక్కొక్కరినీ వెదికి, రక్తం చూసి, మందిచ్చి 1997 నాటికి స్థానికంగా అంటడం ఆపేశారు. ఈ రోజు మారిషస్‌లో ఆ జ్వరమూ లేదు, ఆ డేగా ఉంది. రెండూ సాధ్యమేనని ఆ చిన్న దేశం చూపించింది.

మరునాడు ఫెర్నీ లోయకు వెళ్ళాం. అక్కడ గైడు ఒక చచ్చిన తెల్లఎలుకను చేతిలో పైకెత్తి పట్టుకున్నాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత కొమ్మల్లోంచి గోధుమరంగు మెరుపు ఒకటి వచ్చింది, చెయ్యి ఖాళీ అయింది. చూస్తే ఎదుటి కొమ్మమీద కూర్చుని ఉంది, అరచేతిలో పట్టేంత పక్షి, తెల్లటి రొమ్ముమీద నల్లని చుక్కలు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు. ఆక్స్‌ఫర్డులో అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికినందుకు మా అమ్మాయి చప్పట్లు కొట్టబోయి, మేము వారించకముందే తానే ఆగిపోయింది.

ఈ పత్రిక చదివే కుటుంబాల్లో డాక్టర్లూ, ఇంజనీర్లూ, రసాయన శాస్త్రజ్ఞులూ చాలామంది ఉన్నారు. మనం చేసే పనులన్నీ మంచికే చేస్తాం. ఆ పని ఎవరి గూటిదాకా పోయిందో పాతికేళ్ళకు గాని తెలియకపోవచ్చు. మారిషస్ వెళ్ళే మిత్రులు సముద్రపు ఒడ్డుతో పాటు ఆప్రవాసీ ఘాట్ మెట్లనూ, ఫెర్నీ లోయనూ కూడా చూసి రమ్మని మా మనవి. అక్కడి తెలుగు ఇళ్ళకు కూడా వెళ్ళండి. ఆ పెద్దాయన వంటివారు ఇంకా కొందరున్నారు. అడిగితే చెబుతారు.